నీట కలిపినది నీటనే పోదు



నేడు నేను చెప్పబోవునది సముద్రపు కథ. కాని యిది హైదరాబాదున, తార్నాక చెంత, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమున కూర్చుండి వ్రాసిన ప్రసంగము. ఇచ్చటనుండి సముద్రము కనబడదు. కనబడునవి చెట్లును, బండరాళ్ళును, 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల రాతిభవనమును. అయినను ఈ యావరణమున కానుకొనియు, తార్నాకనుండి ఉప్పలునకు పోవు బాట ప్రక్కనను, మనము తిను తిండిని, త్రాగు నీటిని, త్రొక్కు నేలను పరీక్షించు శాస్త్రశాలలు కలవు. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో ఇచ్చటికి తరలివచ్చినది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడినది. ఈ సంస్థలవారి పని నెఱిగినవారికి, సముద్రమధ్యమున నెచ్చటనో జరిగిన సంగతి మన చెఱువునకును బావికిని ఎట్లు సంబంధించునో తేలికగా బోధపడును.

పాఱునీటికి మైల యంటదని మన పల్లెలలో ననుకొనుట కలదు. చెడ్డవస్తువును పెద్దనీటిలో కలిపినచో అది పలుచబడి నశించునని మన నమ్మకము. చెఱువు విషయముననే యిట్లు తలచువారు సముద్రము విషయమున వేఱుగా తలచుదురా? గొప్ప రాజ్యములవారును, గొప్ప చదువులు చదివినవారును అట్లే తలచిరి. ఆ తలపు ఎంతవఱకు నిజమో, ఎచ్చట తప్పిపోయినదో తెలిపినవి అణుబాంబులు ప్రేలిన నీళ్ళకు ఓడలపై పోయి, అందలి చేపలను, పాచిని, పగడములను పరీక్షించిన శాస్త్రజ్ఞుల యాత్రలు.

ముందుగా ఒక మాట తెలియవలెను. కొన్ని పదార్థముల పరమాణువులు స్థిరముగా నుండవు. అవి తమంతట తామే మాఱుచు, కంటికి కానరాని కిరణములను వెడలగ్రక్కుచుండును. ఈ గుణమునకే రేడియో ధార్మికత యని పేరు. దానికి రంగులేదు, రుచిలేదు, వాసనలేదు. మితిమీఱి సోకినచో రక్తమును, ఎముకలలోని మూలుగను చెఱచును. ఏండ్లు గడచిన పిదప క్యాన్సరు వంటి రోగములకు దారితీయును. ఇట్టి పదార్థములలో నొక్కొక్కదానికి ఒక్కొక్క గడువు కలదు. అయొడిను-131 అనునది ఎనిమిది దినములలో సగమగును. సీసియము-137 సగమగుటకు 30 ఏండ్లు పట్టును. ప్లుటోనియము-239 సగమగుటకు 24,000 ఏండ్లు పట్టును. వేడిచేసినను, కడిగినను, మఱియొక మందు కలిపినను ఈ గడువు తఱుగదు.

ఇంకొక విశేషము. ఈ పదార్థము ఎంత స్వల్పముగా నున్నను పరికరము దానిని పసిగట్టును. కావుననే దానిని మేలునకును వాడుకొనవచ్చును. భూభౌతిక పరిశోధన సంస్థవారు కరీంనగరు ప్రాంతమున దిగువ మానేరు పరీవాహకమునందు చేసిన పని యిందుకు ఉదాహరణము. ట్రిటియము అనునది నీటిలో నీరై కలసిపోవు రేడియో ధార్మిక పదార్థము. దానిని మిక్కిలి కొలదిగా వానలకు ముందు నేలలో నుంచిరి. వానలు వెనుకబట్టిన పిదప ఆ తావుల మట్టిని లోతులోతుగా తీసి, ట్రిటియము ఎంతవఱకు దిగినదో కొలిచిరి. కురిసిన వానలో ఎన్నవ పాలు భూగర్భజలమున చేరుచున్నదో దానివలన లెక్క తేలినది. ఆ లెక్క 1980లో ప్రకటితమైనది. అనగా, నీటిలో కలసి కానరాకపోయిన వస్తువు పోయిన దారిని కనిపెట్టి చెప్పుట సాధ్యమే. శాంత మహాసముద్రమున శాస్త్రజ్ఞులు చేసినదియు నిట్టి పనియే. భేదమేమనగా, మానేరు నేలలో పదార్థమును కొలిచి, ఎఱిగి ఉంచిరి. సముద్రమున మొదట చల్లిరి; తరువాత వెదకిరి.

శాంత మహాసముద్రమధ్యమున మార్షల్ దీవులు కలవు. వానిలో బికినీ యనునది ఒకే దీవి కాదు. పగడపు జీవులు తరతరములుగా కట్టిన గట్టుపై దండవలె గ్రుచ్చినట్లుండు ఇరువదికి పైబడిన చిన్నదీవుల వలయమది. నడుమ ఉప్పునీటి మడుగు. కొబ్బరికాయ, చేప, తాబేలు అచ్చటివారి జీవనము. 1946 ఫిబ్రవరిలో నొక ఆదివారమున, ప్రార్థన ముగిసిన పిమ్మట, అమెరికా నౌకాధికారి బెన్ వ్యాట్ అనునతడు ఆ జనులను సమావేశపఱచి, మానవజాతి మేలు కొఱకును, యుద్ధములు అంతరించుట కొఱకును దీవిని కొంతకాలము విడువవలెనని కోరెను. ఆ ఊరి పెద్ద పేరు జూడా. అతడు తనవారితో ఆలోచించి సమ్మతించెను. మార్చిలో 167 మంది తమ సామానుతో రోంగెరిక్ అను దీవికి తరలిపోయిరి.

ఆ సంవత్సరమే జూలై 1వ తేదీన ఒక బాంబును ఆకాశమునను, 25వ తేదీన మఱియొకదానిని మడుగు నీటిలో 90 అడుగుల లోతునను ప్రేల్చిరి. బాంబు బలము తెలియుటకై తొంబదికి పైబడిన ఓడలను ఆ మడుగులో నిలిపియుంచిరి. నీటిలో ప్రేలిన బాంబువలన లక్షలకొలది టన్నుల నీరు స్తంభమువలె లేచి, మరల ఆ ఓడలమీద పడెను. నావికులు వానిని నీళ్ళతో కడిగిరి, సబ్బుతో తోమిరి, రంగు గీకిరి. పరికరములు చూపు అంకె వలసినంత తగ్గలేదు. తలపెట్టిన మూడవ పరీక్షను మానుకొనవలసివచ్చెను.

ఆ యాత్రలో జీవశాస్త్రజ్ఞులును ఉండిరి. వారు చేసిన మంచిపని యొకటి మీరు గుర్తుంచుకొనవలెను. బాంబు ప్రేలకముందే వారు మడుగును పరిశీలించి, ఏయే చేపలు, ఏయే పగడములు, ఎచ్చటెచ్చట నున్నవో వ్రాసికొని, మచ్చులు తీసి భద్రపఱచిరి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున లారెన్ డొనాల్డ్‌సన్ నడపిన మత్స్య పరిశోధనశాల ఈ పనిలో ముఖ్యమైనది. అణుకర్మాగారమునుండి వచ్చు నీరు కొలంబియా నదిలోని చేపలకేమి చేయునో చూచుటకై ఆ శాల 1943లో ఏర్పడినది. ఆ బృందమువారు 1946లో బికినీకి పోయిరి. 1947 వేసవిలో జరిగిన రెండవ పరిశీలనలోను పాల్గొనిరి. తరువాతి సంవత్సరములలోను పోవుచునే యుండిరి.

వారు పాచి మేయు చేపను తెచ్చి, నిలువున కోసి, ఎండబెట్టి, చీకటిగదిలో ఛాయాచిత్రపు పలకపై నుంచిరి. వెలుతురు లేకున్నను, చేప దేహములోని కిరణములవలననే పలకపై బొమ్మ పడెను. అందు మిక్కిలి వెలిగినది చేప ప్రేవు. అనగా అది మేసిన పాచి. మడుగు నీటిని కొలిచినపుడు అంకె త్వరగా తగ్గుచుండెను. పాచిని, నత్తలను, చేపల లోపలి యవయవములను కొలిచినపుడు అట్లు తగ్గలేదు. నీరు శుద్ధమైనట్లు కనబడుచుండగా, నీటిలోని ప్రాణులు మలినమును పట్టియుంచుకొనినవి.

దీని కారణము విచిత్రమేమియు కాదు. మన పెరటిలోను జరుగునదే. ప్రాణి బ్రతుకుటకు కొన్ని వస్తువులు స్వల్పముగా కావలెను. ఎముకకు సున్నపు ధాతువు, మాంసమునకు పొటాషియము, కంఠగ్రంథికి అయొడిను, రక్తాదులకు కొలదిగా లోహములు వలయును. నీటిలో నవి మిక్కిలి పలుచగా నుండుటచేత, ప్రాణి వానిని వెదకి వెదకి కూడబెట్టుకొనును. స్ట్రాన్షియము సున్నపు ధాతువును పోలియుండును. కావున ఎముకలోను గుల్లలోను చేరును. సీసియము పొటాషియమును పోలియుండును. కావున మాంసమున చేరును. ఏది మేలైనది, ఏది కీడైనదని చేప యెఱుగదు. గడ్డి మేసిన ఆవు పాలలోనికి గడ్డిమీది దుమ్ము వచ్చినట్లే, పాచి తిన్న చిన్నచేపలోనికిని, దానిని తిన్న పెద్దచేపలోనికిని, ఆ చేపను తిన్న మనుష్యునిలోనికిని ఇవి పోవును. ప్రతిపదార్థమును మెట్టుమెట్టునకు పెరుగుననుట సరికాదు. కొన్ని చిన్నజీవులలోనే యెక్కువగా నిలిచి, పెద్దచేపలో తగ్గును. ఏది యెచ్చట నిలుచునో ఊహచేత తెలియదు, కొలిచియే తెలిసికొనవలెను.

ఈ సంగతి లోకమున కంతకును తెలిసినది 1954లో. ఆ సంవత్సరము మార్చి 1వ తేదీన బికినీలో బ్రేవో అను పేరుగల ఉదజని బాంబును ప్రేల్చిరి. దాని బలము 6 మెగాటన్నులని లెక్కవేసిరి, 15 మెగాటన్నులైనది. పగడపుగట్టు బూడిదయై గాలిలో లేచి, తూర్పునకు పోయి కురిసెను. అపాయస్థలమని ప్రకటించిన హద్దులకు వెలుపల చేపలు పట్టుచున్న జపానుదేశపు చిన్న ఓడ యొకటి యుండెను. దాని పేరునకు అదృష్టనాగమని యర్థము. అందలి 23 మంది జాలరుల మీద తెల్లని బూడిద పడెను. అందఱును రోగపడిరి. వారిలో కుబొయామా అనునతడు ఆ సెప్టెంబరు 23వ తేదీన మరణించెను. రోంగెలాప్ దీవివారిమీదను ఆ బూడిదయే కురిసినది. వారు తమ ఊరు విడువవలసివచ్చెను.

జపానువారికి చేప మనకు పప్పువంటిది. అంగళ్ళలోని ట్యూనా చేపలను కొలిచిచూడగా పరికరము పలికెను. ఆ సంవత్సరము 450 టన్నులకు పైగా చేపలను పాఱవేసిరి. అమెరికా అణుశక్తి సంఘాధ్యక్షుడు లూయీ స్ట్రాసు, సముద్రమున పడినది కొలదిమైళ్ళలోనే హానిలేనిదై, 500 మైళ్ళలోపల బొత్తిగా కానరాకపోవునని చెప్పెను. అది నిజమైనచో దూరమున పట్టిన చేపలలో నెట్లు కనబడుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై జపాను ప్రభుత్వము షుంకొత్సు మారు అను ఓడను సిద్ధపఱచి, ఇరువదిమందికి పైబడిన శాస్త్రజ్ఞులను ఎక్కించి, మే 15వ తేదీన పంపెను. అది 51 దినములు తిరిగి జూలై 4వ తేదీన మరలివచ్చెను.

వారు దారిపొడవున నీటిని తోడి, సూక్ష్మజీవులను సన్నవలలతో పట్టి, చేపలను కోసి, అవయవము అవయవముగా కొలిచిరి. మలినము పడమటికి పాఱు సముద్రప్రవాహమును పట్టుకొని వేయి కిలోమీటర్లకు పైగా పోయినదని తెలిసెను. అది అన్ని వైపులకును సమముగా పలుచబడక, ఏటివలె ఒక బాటగా సాగినది. నీటిలో తేలు సూక్ష్మజీవులలో దాని మోతాదు నీటికంటె వేయిరెట్లకు మించియుండెను. చేపల మాంసమునకంటె కాలేయము, మూత్రపిండములలో నెక్కువగా నుండెను. ట్యూనా చేపలలో దొరకిన పదార్థములలో జింకు-65 యొకటి. అది బాంబులో నుంచినదియు కాదు, బాంబు చీలికలో పుట్టినదియు కాదు. ప్రేలుడుతాకిడికి లోహపు సామగ్రియందు క్రొత్తగా పుట్టినది. చేపకు జింకు కొంచెము కావలెను గనుక పట్టుకొనినది.

మఱుసటి యేడు, 1955లో, అమెరికావారే టేనీ యను ఓడను పంపి, మార్షల్ దీవులనుండి జపాను తీరముదాక నీటిని పరీక్షించిరి. అంకెలు స్వల్పమైపోయినను, ఆ ప్రవాహమంతటను ఉన్నవని వారికిని కనబడినది. సముద్రజలమున సీసియమును కొలుచుటలో జపాను శాస్త్రజ్ఞురాలు కత్సుకో సరుహాషి పేరుపడసెను. ఆమె చెప్పిన అంకెలను నమ్మనివారు కొందఱుండిరి. 1962లో ఆమె అమెరికాకు పోయి, అచ్చటి పండితునితో నొకే నీటిని ఇరువురును వేఱువేఱుగా కొలిచి సరిచూచిరి. ఆమె లెక్క సరియైనదని తేలెను. వాదములవలన తీరని తగవును కొలత తీర్చినది.

మన దేశమును ఊరకుండలేదు. 1954 ఏప్రిల్ 2వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ లోక్‌సభలో, ఈ పరీక్షలను నిలిపివేయవలెనని కోరెను. దౌలత్ సింగ్ కొఠారి ఆధ్వర్యమున మన శాస్త్రజ్ఞులు అణుప్రేలుళ్ళ ఫలితములనుగూర్చి వ్రాసిన గ్రంథమును 1956లో భారత ప్రభుత్వము ప్రకటించెను. కడకు 1963లో గాలియందును, నీటియందును, అంతరిక్షమునందును అణుపరీక్షలు చేయరాదను ఒడంబడిక మాస్కోలో కుదిరెను. మొదట సంతకము చేసిన దేశములలో మనదియు నొకటి. చేపలను కోసి కొలిచినవారి పని ఈ ఒడంబడికకు తోడ్పడినది.

బికినీవారి మాట యేమైనది? రోంగెరిక్ దీవిలో వారు కఱవుపాలైరి. 1948లో వారిని కిలీ యను దీవికి చేర్చిరి. దానికి మడుగు లేదు. చేపలు పట్టుటకు వీలైన శాంతజలము లేదు. 1946 మొదలు 1958 వఱకు బికినీలో 23 పరీక్షలు జరిగినవి. 1968లో, ఇక మీరు మరలి పోవచ్చునని అమెరికా ప్రభుత్వము చెప్పెను. 1972 నుండి కొన్ని కుటుంబములు పోయి కాపురముండినవి. కొబ్బరిచెట్లు నాటిరి, కాయలు తినిరి. వారి దేహములను కొలిచిచూడగా సీసియము హెచ్చుచున్నది. 1978లో మరల అందఱను తరలించిరి.

రైతులగు మీకు దీని కారణము చెప్పిన వెంటనే బోధపడును. పగడపునేలలో పొటాషియము చాల తక్కువ. ఆకలిగొన్న కొబ్బరిచెట్టు, పొటాషియమును పోలిన సీసియమును త్రాగివేయుచున్నది. శాస్త్రజ్ఞులు ఆ చెట్ల మొదళ్ళలో పొటాషు ఎరువు వేసి చూచిరి. కాయలలోని సీసియము మిక్కిలి తగ్గెను. మన పొలములలో వేయు పొటాషే అచ్చట విషమునకు అడ్డుకట్టయైనది.

మడుగు సంగతి వేఱు. 2008లో ప్రకటింపబడిన ఒక పరిశీలనమున, బ్రేవో బాంబు త్రవ్విన గోతిలోను పగడములు దట్టముగా పెరిగినట్లు కనబడెను. కొన్ని చెట్లవలె పెద్దవై యుండెను. అవి నిండు ఇంటి యెత్తున నిలిచినవి. అయినను పూర్వమున్న జాతులలో 42 కనబడలేదు. వానిలో 28 నిజముగానే నశించియుండునని వారి నిర్ణయము. చూచినవాడు మడుగు బాగుపడినదనును. లెక్క చూచినవాడు, బాగుపడినది గాని పూర్తిగా కాలేదనును. ఈ లెక్క తెలియుటకు కారణమేమి? బాంబు ప్రేలకముందు తీసియుంచిన జాబితా. అది లేనిచో, పోయిన 28 జాతులు ఒకప్పుడుండెనని చెప్పువారే యుండరు.

పెద్దలారా, మన తెలుగునాట సముద్రమున అణుపరీక్షలు జరుగలేదు. కాని నీటిలో పోసినది పోవునను మాట మనమును వినుచునే యున్నాము. హైదరాబాదు చెంత పటాన్‌చెరు పరిశ్రమల మలినజలము నక్కవాగున పడెను; ఆ వాగు మంజీరలో కలియును. ఆ ప్రాంతపు మట్టిని, నీటిని పరీక్షించినవారిలో ఈ తార్నాక చెంతనున్న భూభౌతిక పరిశోధన సంస్థవారును ఉన్నారు. ఆ రైతుల తగవు సుప్రీంకోర్టువఱకు పోవలసివచ్చినది.

రేపు మీ ఊరి చెంతకును ఎవరైనను వచ్చి, దేశమునకు మేలు, కొలదికాలమే, వాగులో కలసి పోవును అని చెప్పి మీ సమ్మతి కోరవచ్చును. మేలైన పనియే కావచ్చును, నేను వలదనను. కాని సమ్మతించుటకు ముందు నాలుగు మాటలడుగుడు. ఈ నీటిలో వచ్చు పదార్థమేది? దానిని పాచి, చేప, గడ్డి, పశువు, వీనిలో నేది పట్టుకొనును? దాని గడువు ఎన్ని యేండ్లు? ఎవరు కొలుతురు, ఆ అంకె మాకు చూపుదురా? అడుగుటతో పాటు మీ వంతు పని యొకటి చేయుడు. నేడే ఊరి పుస్తకమున, మీ చెఱువులో నేయే చేపలున్నవో, ఏ బావి నీరు ఎట్టి రుచిగా నున్నదో, ఏ మెట్టన నేది పండుచున్నదో తేదీతో వ్రాసియుంచుడు. వీలైనచో నీటి మచ్చులను పరీక్షింపించి ఆ కాగితమును దాచుడు. ముందటి లెక్క లేనివానికి పిదప నష్టమును నిరూపించు దారి యుండదు.

జూడా మంచివాడు, తన జనులకు పెద్దదిక్కు. నాడు అతని నడిగినవారు గడువు చెప్పలేదు. అడుగవలెనని అతనికిని తోచలేదు. 1968లో అతడు మరణించెను. బికినీలో మరల కాపురముండుట అతనికి దక్కలేదు. అతనికి తెలియనిది నేడు మనకు తెలిసినది. దానిని తెలిపినవారు, ఓడలపై పోయి నీటిని తోడి, చేపలను కోసి, ఓర్పుతో అంకెలు వ్రాసినవారు.